పంకా పద్దు

మా అవ్వకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. ఎమ్మిగనూరులో మగ్గం నమ్ముకుని బతికిన మనిషికి అంకెలు రాకపోతే ఎట్లా చెప్పండి? ఎన్ని కండెలు అయినాయి, ఎన్ని గజాలు తెగినాయి, సొసైటీలో ఎంత కూలి జమ పడింది - ఇవన్నీ ఆమెకు వేళ్ళ మీద వుండేవి. వేళ్ళకు అందని లెక్కలకు ఒక ఎర్ర అట్ట పద్దుల పుస్తకం వుండేది. అందులో మాటలకు బదులు బొమ్మలు. జొన్నలకు చేట, కిరసనాయిలుకు బుడ్డి, మందులకు సీసా. ప్రతి బొమ్మ పక్కనా అంకె.

2025 వేసవిలో మా చిన్నమ్మ ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం నా చేతికొచ్చింది. ఒక పేజీలో మూడు రేకుల పువ్వు, పక్కన 212. కింద మా నాయన చేతిరాత - 1968 ఏప్రిల్. పువ్వుకు రెండు వందల పన్నెండు రూపాయలేమిటా అని తల గోక్కున్నాను. చెమట తుడుచుకుంటూ పైకి చూశాను గదా, దూలానికి వేలాడుతూ ఆ పువ్వే తిరుగుతోంది!

అది మా అవ్వ కొన్న సీలింగు ఫ్యాను. ఆ ఏడు పది గ్రాముల బంగారం నూట అరవై రూపాయల చిల్లర. అంటే మా అవ్వ తులం బంగారానికి పైన సొమ్ము పెట్టి గాలి కొన్నదన్నమాట. మెడలో పడవలసిన గొలుసు నడినెత్తిన తిరిగింది.

ఆ పువ్వు నా కంటపడిన సమయం కూడా అట్లాంటిదే. అప్పటికి మా ఆదోని ఇంట్లో పంకాల మీద పెద్ద చర్చే నడుస్తోంది. "అమ్మా, పాతవి తీసేసి కొత్తరకం ఫ్యాన్లు పెట్టిద్దాం, కరెంటు సగానికి సగం మిగులుతుంది" అని హైదరాబాదు నుంచి మా అబ్బాయి. "మిగిలేది అమ్మినవాడికిరా నాయనా" అని మావారు. మధ్యలో నేను. ఇంటి ఖర్చు చూసేది నేనే గనుక తీర్పు కూడా నేనే చెప్పాలట. తీర్పు చెప్పేముందు పూర్వాపరాలు విచారించాలి గదా! అంచేత పంకా పుట్టుపూర్వోత్తరాల్లోకి ఒకసారి వెళ్ళివస్తాను. మీరూ రండి, దూరమేమీ లేదు.

మొట్టమొదటి పంకా ఆడవాళ్ళ చెయ్యి. తాటాకు విసనకర్ర మగవాడి చేతిలోనూ వుండేది గాని, అది తన మొహానికి విసురుకోవడానికి. అన్నం తినే భర్తకు, జ్వరం వచ్చిన మామగారికి, ఉయ్యాలలో బిడ్డకు విసిరింది మాత్రం మనమే. బిడ్డ నిద్రపోయిందని చెయ్యి ఆపితే ఆ క్షణమే కెవ్వుమనేది. అర్ధరాత్రి తల్లి కళ్ళు మూతపడ్డా చెయ్యి మాత్రం ఆడుతూనే వుండేది. ఆ చేతికి ఎన్ని వాట్లు పట్టినాయో ఏ పద్దులోనూ ఎక్కలేదు. అది ఊరికే వచ్చిన గాలి అనుకున్నారు అందరూ.

కలిగినవాళ్ళకు వేరే ఏర్పాట్లుండేవి. వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లించేవాళ్ళు. దొరలు వచ్చాక ఇంటికప్పు నుంచి పెద్ద బట్టచట్రం వేలాడదీసి, దానికి తాడు కట్టి, తాడు కొసను గోడలోని రంధ్రం గుండా వసారాలోకి వదిలారు. అక్కడ ఒక మనిషి కూర్చుని దాన్ని లాగాలి. పంకా అంటే మొదట అదే. లోపల దొరగారికి చల్లగాలి, బయట లాగేవాడికి వడగాలి. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవల చదివినవాళ్ళకు కోర్టు గదిలో పంకా లాగే మనిషి గుర్తుండే వుంటాడు. లోపల అంత పెద్ద విచారణ జరుగుతుంటే అతనికేమీ పట్టదు, తాడు లాగడమే అతని లోకం.

నవలలో అతను అందంగానే కనిపిస్తాడు గాని చరిత్రలో ఆ బతుకు అంత అందమైనది కాదు. రాత్రిపూట కునుకు పడితే తాడు ఆగేది. తాడు ఆగితే తన్నులు పడేవి. సిపాయిల బారకాసుల్లో అట్లా తన్నులు తిని ప్రాణాలు పోయిన పంకా కూలీలున్నారు. విచారణకు వస్తే, చచ్చినవాడికి ముందే ప్లీహం వాచివుంది, అంచేత చిన్న దెబ్బకే పోయాడని తేల్చేవాళ్ళు. ముద్దాయికి కొద్దిపాటి జరిమానాతో సరి. మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాల్లో భాగంగా కుంఫిణీ చేతికి వచ్చింది. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు దొరల కచేరీల లోకమే. పంకా తాడు ఒక కొసన అధికారం, ఇంకో కొసన ఆకలి కూర్చున్న రోజులవి.

ఆ తాడును తెంపింది కరెంటు. అందులో ఒక విశేషం ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళిన ఫిలిప్ డీల్ అనే ఆయన సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసేవాడు. మిషను నడపడానికి చిన్న విద్యుత్ మోటారు చేశాడు. 1882లో అదే మోటారుకు రెక్కలు తగిలించి ఇంటికప్పుకు వేలాడదీశాడు. 1887లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అంటే సీలింగు ఫ్యాను మన కుట్టుమిషనుకు తోడబుట్టిందే! మన దేశంలోనూ ఉషా పేరుతో కుట్టుమిషన్లూ పంకాలూ రెండూ చేసింది కలకత్తాలోని జయ్ ఇంజనీరింగు వర్క్సే. మా ఇంట్లో ఈ అక్కాచెల్లెళ్ళు ఒకే గదిలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశారు.

కలకత్తాకు 1899లో కరెంటు సరఫరా వచ్చింది. 1902లో మైసూరువాళ్ళు శివసముద్రం దగ్గర కావేరి మీద కరెంటు తీసి కోలారు బంగారు గనులకు పంపారు. బంగారానికి అందినంత త్వరగా జొన్నచేలకు అందుతుందా? మా వైపు ఊళ్ళకు అసలైన వెలుగు తుంగభద్ర పుణ్యం. హోస్పేట దగ్గర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగితే 1953లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ ఏడే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ బళ్ళారి జిల్లాలో వున్న ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలోకి వచ్చింది. 1957లో ఆనకట్ట దగ్గర కరెంటు తీయడం మొదలయింది. మా తాత మాత్రం చివరిదాకా "బళ్ళారి కలెక్టరు" అనేవాడు. జిల్లా మారినంత తేలికగా నాలుక మారదు.

ఆదోని అప్పటికే పత్తి వూరు. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు, దూది బేళ్ళు, మార్వాడీ కొట్లు - రెండో బొంబాయి అని పేరు. మద్రాసు బొంబాయి రైలుమార్గంలో వుండటంవల్ల ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఆదోనిలో దిగేది. దాదాపు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. అక్కడ పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం. సొసైటీ అంటే చాలు, ఏ సొసైటీ అని ఎవరూ అడగరు. నూలు ఇచ్చేది, బట్ట తీసుకునేది. మా అవ్వ పంకా కొన్న డబ్బు ఆ కూలిలోంచి రూపాయి రూపాయి మిగిల్చిందే.

ఆదోని బజారులో పంకా కొని మా నాయన బస్సెక్కించాడు. మోటారు పెట్టె ఆయన ఒళ్ళో, రెక్కలు అవ్వ ఒళ్ళో. నాకప్పుడు ఐదేళ్ళు. కండక్టరు రెక్కలకు కూడా టిక్కెట్టు అడిగాడని, "ఇవి ఎగిరిపోతాయని పట్టుకున్నాను గాని సీటు మీద కూసోబెట్టినానా?" అని అవ్వ దబాయించిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇంతా చేసి, ఇంటికొచ్చాక ఆ పంకాను మగ్గం గదిలో పెట్టనివ్వలేదు అవ్వ. మీకు చిత్రంగా వుంటుంది గాని కారణం వుంది. గుంతమగ్గం నేలలోకి దిగి వుండేదే నూలుకు కాస్త చెమ్మ అందడానికి. గాలి ఎండితే పడుగు పోగు పెళుసెక్కి తెగుతుంది. ప్రతి తెగిన పోగునూ ముడివేయాలి, ప్రతి ముడికీ పని ఆగుతుంది. "గాలి తిరిగితే పోగు తెగుతాది. పోగు తెగితే కూలి తెగుతాది" అనేది. అంచేత పగలంతా గుంతలో చెమటతో నేసి, పొద్దుగూకినాక నడవలోకి వచ్చి పంకా కింద చాప పరుచుకునేది. తన కూలితో కొన్న గాలి, తన పని వేళల్లో తనకు దక్కలేదు. పిల్లలం మేము మాత్రం మధ్యాహ్నాలు దానికింద దొర్లేవాళ్ళం.

ఇక ఆ పంకా ఆయుర్దాయం వినండి. పుస్తకంలో మూడు రేకుల పువ్వు మళ్ళీ మళ్ళీ పూసింది. 1974లో కండెన్సరు, 14 రూపాయలు. 1981లో కాయిల్ చుట్టించినందుకు 65. 1990లో బేరింగులూ కండెన్సరూ, 80. 1999లో మళ్ళీ కాయిల్, 350. అవ్వ పోయాక చిన్నమ్మ ఆ పుస్తకాన్ని విడిచిపెట్టలేదు. ఆమెకు చదువొచ్చు, అయినా పువ్వే వేసింది. 2008లో కండెన్సరు 60, 2017లో బేరింగులతో సహా 280. అన్నీ కూడితే 849 రూపాయలు. 57 ఏళ్ళకు మరమ్మతు ఖర్చు అంతే. ఎమ్మిగనూరులోనే, నడిచిపోయేంత దూరంలో, ఒకపూటలో బాగయి వచ్చేది. ఇంత నమ్మకంగా మనుషులైనా వుంటారా అనిపించింది నాకు.

అయితే అవ్వ పద్దులో ఎక్కని ఖర్చు ఒకటుంది. అది కరెంటుది. ఆ పాత పంకా 80 వాట్లు తింటుంది. ఏడాదికి 2,000 గంటలు తిరిగిందనుకుంటే 160 యూనిట్లు. 57 ఏళ్ళకు 9,120 యూనిట్లు. ఇప్పటి రేటు యూనిట్ 3 రూపాయల లెక్కన 27,360 రూపాయలు! 212 పెట్టి కొన్న వస్తువు అంత తిన్నది. పైగా ఆ రోజుల రెగ్యులేటరు గుండ్రటి పెద్ద డబ్బా. అందులో తీగచుట్ట వుండేది. పంకా నెమ్మదిగా తిప్పితే మిగిలిన కరెంటును ఆ చుట్ట వేడిచేసి పారబోసేది. "ఒకటి మీద పెడితే ఖర్చు తక్కువ" అని మనం మురిసిపోయేవాళ్ళం. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లే ఆ దుబారాను మాన్పించాయి.

ఇప్పుడు కొత్తరకానికి వద్దాం. బి.ఎల్.డి.సి. అంటారు. పేరు చూసి జడుసుకోకండి. మామూలు పంకాలో తిరిగే భాగానికి అయస్కాంతగుణాన్ని కరెంటే పుట్టించాలి. ఆ శ్రమలో చాలా భాగం వేడిగా పోతుంది. గంటసేపు తిరిగిన పంకా బుర్రను ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. కొత్తరకంలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలే అతికించి వుంటాయి. వాటిని ఎప్పుడు ఏ పక్కకు లాగాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. అంచేత 75, 80 వాట్ల పని 30 వాట్లలో జరిగిపోతుంది. 2012లో కోయంబత్తూరులోని వెర్సా డ్రైవ్స్‌వాళ్ళు సూపర్‌ఫ్యాన్ పేరుతో ఇట్లాంటిది మన మార్కెట్లోకి తెచ్చారు. 2015లో ఆటంబర్గ్ వచ్చింది. ఆ తర్వాత పాత కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. 2016లో కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఇ.ఇ.ఎస్.ఎల్. సంస్థ మన రాష్ట్రంలో 50 వాట్ల పంకాలను ఇళ్ళకు అందించడం మొదలుపెట్టింది.

2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యానుకు నక్షత్రాల చీటీ తప్పనిసరి చేశారు. ఆ నక్షత్రాల జాతకం తేలికే. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో ఆ అంకెను వాట్లతో భాగించాలి. నాలుగడుగుల పంకాకు 6 గాని ఆపైన గాని వస్తే అయిదు నక్షత్రాలు. అంటే 210 ఘనపు మీటర్ల గాలికి 35 వాట్లు మించకూడదు. కొట్టులో రంగూ రెక్కల అంచూ చూసేముందు ఈ రెండంకెలూ చూడండి.

చదివితే అంతా బాగానే వుంది. కానీ మా ఆదోని ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. మా అబ్బాయి పోరు పడలేక 2021లో హాల్లోకి ఒకటి కొన్నాం. గాలి బాగుంది, చప్పుడు లేదు, దూరం నుంచి నొక్కే రిమోటు వుంది. ఆ రిమోటు మా మనవడి బొమ్మల్లో కలిసి వారానికోసారి అజ్ఞాతవాసం చేసేది. రెండేళ్ళ నాలుగు నెలలకు ఒక సాయంత్రం వాన, ఉరుము, కరెంటు పోయి వచ్చింది. పంకా మాత్రం రాలేదు. గ్యారంటీ రెండేళ్ళే. మా వీధి చివర ఫ్యాన్లు చుట్టే అన్న మూత తీసి చూసి, "అక్కా, చుట్టడానికి ఇందులో ఏముంది? బోర్డు పోయింది. నా దగ్గర దొరకదు" అని మూత పెట్టేశాడు. నలభై ఏళ్ళ చేతిపని వున్న మనిషి ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. బోర్డు కర్నూలు నుంచి రావడానికి ఇరవైరెండు రోజులు, ఖర్చు 750. ఆ ఇరవైరెండు రోజులూ "మిగిలింది చూశావా?" అని మావారు రోజుకోసారి అన్నారు.

తప్పంతా ఆ పంకాదే అనను. ఆ బోర్డులోని చిన్న చిన్న భాగాలకు వేడి పడదు, కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడటం పడదు. మన వూళ్ళో స్లాబు కింద రెండింటికీ కొరత లేదు. మెయిన్ దగ్గర ఎగిసే కరెంటును అడ్డుకునే పరికరం ఒకటి పెట్టించుకోవడం, ఉరుముల వేళ స్విచ్చి ఆపడం, పాత రెగ్యులేటరుకు దీన్ని తగిలించకపోవడం - ఈ మూడు జాగ్రత్తలు ఆ అన్నే చెప్పాడు. కొనేటప్పుడు గ్యారంటీ ఎన్నేళ్ళు, బోర్డు మన వూళ్ళో దొరుకుతుందా అని అడగాలని నేను నేర్చుకున్నాను.

ఇక పద్దు వేద్దాం. 2022లో విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన రేట్ల ప్రకారం నెలకు 30 యూనిట్ల దాకా 1 రూపాయి 90 పైసలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా నాలుగున్నర, 126 నుంచి 225 దాకా 6, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు ఛార్జీలు వేరే, వాటి జోలికి పోవడంలేదు. పంకా రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 3,600 గంటలు. పాతది 288 యూనిట్లు, కొత్తది 108. మిగులు 180 యూనిట్లు.

మా ఆదోని ఇల్లు 6 రూపాయల మెట్టు మీద వుంది. ఏడాదికి 1,080 రూపాయలు మిగులుతుంది. కొత్త పంకా 2,800 అనుకుంటే రెండేళ్ళ ఏడెనిమిది నెలలకు అసలు వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ళకు 8,640 మిగులు. అందులో పంకా ధర 2,800, భయంకొద్దీ రెండు బోర్డులకు 1,500 తీసేసినా 4,340 చేతిలో వుంటుంది. ఇరవైరెండు రోజుల దెప్పుళ్ళకు వెల కట్టలేదు గాని మా అబ్బాయి గెలిచాడు.

అదే పద్దు ఎమ్మిగనూరులో మా చిన్నమ్మకు వేశాను. ఆమెది ఒంటరి ఇల్లు, నెలకు యాభై యూనిట్లు. మెట్టు 3 రూపాయలది. ఏడాదికి మిగిలేది 540. ఎనిమిదేళ్ళకు 4,320. అందులో 2,800, మరి 1,500 తీసేస్తే మిగిలేదెంత? ఇరవై రూపాయలు! ఎనిమిదేళ్ళు కాచుకుంటే ఇరవై రూపాయలు. తక్కువ వాడే పేద ఇంటికి కరెంటు చౌక, అంచేత పొదుపు వస్తువు గిట్టుబాటు కాదు. ఎక్కువ వాడే ఇంటికే పొదుపు లాభం. ఇది ఎక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు. పుస్తకం మూసేసి, ఆమెకు పాతదే చాలునని తీర్పు చెప్పబోయాను.

చెప్పలేదు. ఎందుకంటే ఆ మే నెలలోనే చిన్నమ్మ తెల్లవారుజామున నడవలో పడిపోయింది. పక్కింటివాళ్ళు చూసి మొహాన నీళ్ళు కొట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. వంట్లో నీరు తగ్గి, వేడికి తట్టుకోలేక పడిపోయిందన్నారు డాక్టరు. పాత మట్టిమిద్దె తీసేసి సిమెంటు స్లాబు వేయించిన ఇల్లు అది. పగలు తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. "పంకా తిరగలేదా చిన్నమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"ఒంటిగంటకు ఆపేస్తాను పాపా" అంది చివరికి. "నిద్రపోయేదానికి గాలెందుకు? కరెంటు ఊరికే కాలిపోతాది గదా."

రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, నాలుగు గంటలు. అదీ ఆమె ఏర్పాటు. ఎన్ని ఏళ్ళుగా అట్లా చేస్తోందో! నేను వేసిన పద్దంతా తప్పని అప్పుడు తెలిసింది. పన్నెండు గంటలు తిరిగే పంకాకు లెక్క వేశాను నేను. ఆమె పంకా నాలుగు గంటలే తిరుగుతోంది. మళ్ళీ వేశాను. పాత పంకా రోజుకు 4 గంటల చొప్పున 300 రోజులకు 96 యూనిట్లు. కొత్తది రోజుకు 12 గంటలు తిరిగినా 108. తేడా పన్నెండు యూనిట్లు, ఏడాదికి ముప్ఫైఆరు రూపాయలు. అంటే దాదాపు అదే బిల్లుకు మూడింతల గాలి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. సాయంత్రాలు వోల్టేజి పడిపోతే పాత పంకా ఒయ్యారంగా, లెక్కపెట్టుకోవడానికి వీలుగా తిరుగుతుంది. కొత్తరకానికి ఆ బాధ చాలావరకు లేదు, తక్కువ వోల్టేజిలోనూ వేగం నిలుపుకుంటుంది. చిన్న ఇన్వర్టరు వుంటే కరెంటు పోయినా దానిమీద రెట్టింపుసేపు నడుస్తుంది. ఇక్కడ ఒక మాట మరచిపోకూడదు. పంకా గదిని చల్లబరచదు, మన చెమటను ఆర్పి వంటిని చల్లబరుస్తుంది. బయటి గాలి వంటి వేడిని మించి కాలుతున్నప్పుడు పంకా ఒక్కటే చాలదు. నీళ్ళు తాగాలి, వంటికి తడిగుడ్డ తగలాలి. ముసలివాళ్ళున్న ఇంట్లో ఇది ముఖ్యం.

కొత్త పంకా నేనే కొని తీసుకుపోయాను. అయిదేళ్ళ గ్యారంటీ వున్నది ఏరి తెచ్చాను. ధర అడిగితే తగ్గించి చెప్పాను, ఆ అబద్ధం దేవుడు క్షమిస్తాడు. అవ్వ పంకాను పాత ఇనుముకు వేయలేదు. దించి, దుమ్ము తుడిచి, వసారాలో వేలాడదీయించాం. రేపు కొత్తదాని బోర్డు పోతే, కర్నూలు నుంచి వచ్చేదాకా ఇరవైరెండు రోజులు కాపు కాయడానికి ఇంకెవరున్నారు? ఫ్యాను బిగించిన కుర్రాడు దాన్ని ఎత్తి, "అబ్బా, ఏం బరువుంది మేడం!" అన్నాడు. బరువుండదూ మరి, తులం బంగారం పైచిలుకు కదా!

నెల తిరిగాక చిన్నమ్మ ఫోను చేసింది. "బిల్లు నాలుగు రూపాయలు ఎక్కువొచ్చింది పాపా" అంది. గొంతులో కాస్త నేరం చేసినట్టు వుంది.

"ఒంటిగంటకు ఆపుతున్నావా?" అన్నాను.

"లేదు. ఆపేదానికి మెలకువ రాలేదు."

ఈసారి పోయినప్పుడు ఎర్ర అట్ట పుస్తకం తీసి చూశాను. కొత్త పేజీలో పువ్వు వేసి వుంది. కొత్త పంకాకూ మూడే రెక్కలు గనుక రేకులు మూడే. పక్కన నేను చెప్పిన అబద్ధపు ధర. దాని కింద చిన్నగా 4 అని రాసి, ఆ నాలుగును ఖర్చులో వేయాలో జమలో వేయాలో తెలియక కాబోలు, రెండు గళ్ళకూ మధ్య గీత మీద వేసింది.